రిజిస్టర్‌లో లేని మనిషిని వెతకండి: ఊళ్ళో ఆరోగ్య పథకం పనిచేస్తోందో లేదో తేల్చే పద్ధతి

ఏదైనా ఆరోగ్య పథకం ఎలా నడుస్తోందో చూద్దామని బయల్దేరినవాళ్ళు నేరుగా పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) వెళ్ళి రిజిస్టర్లు అడుగుతారు. అది ఆఖర్న చెయ్యాల్సిన పని. రిజిస్టర్‌లో ఉండేవి వచ్చినవాళ్ళ పేర్లు. మీకు కావాల్సింది రానివాళ్ళ లెక్క. ఓపీకి ఎంతమంది వచ్చారు, ఎన్ని మాత్రలు పంచారు, ఎన్ని క్యాంపులు పెట్టారు అని కూడుకుంటూ పోతే, పెళ్ళిలో లేచిన విస్తళ్ళు లెక్కపెట్టి ఊళ్ళో ఎవరికీ ఆకలి లేదని రాసినట్టుంటుంది.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళు తిరిగి పనిచేసే నర్సుగా చేరి, సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం ఉద్దానం వైపే గడిచింది. ఆ రిజిస్టర్లు రాసిన చేతుల్లో నావీ ఉన్నాయి కాబట్టి అవి ఏం చెప్తాయో, దేని గురించి నోరు విప్పవో తెలుసు. ప్రాజెక్టు పని మీద వచ్చే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ), నర్సింగ్ పిల్లలకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. పెద్ద సంస్థలకు వాళ్ళ పద్ధతులు వాళ్ళకున్నాయి. ఇది ఒక పీహెచ్‌సీ పరిధిలో, నలుగురు మనుషులు, ఒక నెలలో చెయ్యగలిగిన పని.

అడగాల్సిందేమిటో ముందు తేల్చుకోండి

"మా మండలంలో వైద్య సేవలు ఎలా ఉన్నాయి" అని మొదలుపెడితే ఆఖరికి "పర్వాలేదు, ఇంకా మెరుగుపడాలి" అనే జవాబే వస్తుంది. దానికి నెల రోజులు తిరగక్కర్లేదు. "మా పీహెచ్‌సీ కింద బీపీ ఉందని తేలినవాళ్ళలో ఎంతమంది దగ్గర ఈరోజు మాత్రలు ఉన్నాయి" అని అడగండి. ఎవరికి, ఏం అందాలి, ఎప్పటిలోగా అందాలి అనే మూడూ ప్రశ్నలో కనబడాలి. ఒక ప్రాజెక్టుకి ఇలాంటివి రెండు చాలు, మూడైతే ఎక్కువే. నలభై ప్రశ్నల ఫారం పట్టుకొచ్చినవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. పదిహేనో ప్రశ్న దగ్గరే అవతలి మనిషి పొయ్యి మీద ఎసరు చూసుకోవడానికి లేచి వెళ్ళిపోతుంది.

ప్రశ్న తేలాక, పథకంలో డబ్బు బయల్దేరిన చోటు నుంచి రోగి ఒంట్లో మార్పు దాకా ఉన్న మెట్లన్నీ కాగితం మీద వరసగా రాయండి. ఉద్దానం నీళ్ళనే తీసుకోండి. కిడ్నీ జబ్బుతో అల్లాడుతున్న కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస లాంటి మండలాల కోసం హిరమండలం రిజర్వాయరు నుంచి మంచినీళ్ళు తెచ్చే పథకం కట్టారు. ఖర్చు 700 కోట్లు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు దాన్నీ ప్రారంభించారు. ఇప్పుడు మెట్లు చూడండి. పైపు ఊరి దాకా వచ్చిందా? ట్యాంకుకి నీళ్ళు ఎక్కుతున్నాయా? వీధి చివరి కుళాయికి వారంలో ఎన్ని రోజులు వస్తున్నాయి? వచ్చిన నీళ్ళు తాగుతున్నారా, లేక గిన్నెలు తోముకోవడానికి వాడి, తాగడానికి క్యాన్లు కొంటున్నారా? తాగుతుంటే, ఆ ఇళ్ళలో కొత్తగా జబ్బు పడుతున్నవాళ్ళు తగ్గారా?

ఈ ఆఖరి మెట్టు మీకు నెలలో అందదు, రెండేళ్ళలోనూ అందదు. కిడ్నీ పాడవడానికి ఏళ్ళు పడుతుంది. పైగా ఉద్దానం జబ్బుకి నీళ్ళే కారణమని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. అందుకని మీరు నాలుగో మెట్టు దగ్గర ఆగండి. "వచ్చిన నీళ్ళు తాగుతున్నారా" అన్నది తేల్చి రాస్తే అదే గట్టి పని. "పథకం వల్ల కిడ్నీ జబ్బు తగ్గింది" అనో "తగ్గలేదు" అనో రాశారంటే, చదివినవాడు మిగతా రిపోర్టు కూడా నమ్మడు.

అంకె పెరిగితే చెడ్డదేనా

ఉద్దానంలో ఇంకో చిక్కుంది. డయాలసిస్ కేంద్రాల్లో రోగుల సంఖ్య పెరిగిందని వార్త రాగానే జబ్బు పెరిగిపోయిందని గగ్గోలు పెడతారు. ఒకప్పుడు డయాలసిస్ అంటే విశాఖపట్నం పోవాలి. పోలేనివాళ్ళు ఇంట్లోనే మంచాన పడి పోయేవారు, ఏ లెక్కలోకీ రాలేదు. సోంపేట, పలాస లాంటి చోట్ల యూనిట్లు వచ్చాక అదే మనిషి వారానికోసారో రెండుసార్లో యంత్రం ఎక్కి బతుకుతున్నాడు. బతికి ఉన్నాడు కాబట్టి ప్రతి నెలా లెక్కలో కనబడుతున్నాడు. డయాలసిస్ రోగులకు 2019 నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను వచ్చాక, అంతకుముందు బయటపడనివాళ్ళు కూడా పరీక్షకి వచ్చారు. కాబట్టి మొత్తం ఎంతమంది ఉన్నారని కాకుండా, ఈ ఏడాది కొత్తగా చేరినవాళ్ళు ఎంతమంది, చేరేనాటికి వాళ్ళ వయసెంత, చేరినవాళ్ళలో ఏడాది తర్వాత ఎంతమంది బతికున్నారు అని విడివిడిగా అడగండి. ఈ మూడు అంకెలూ మూడు వేరు వేరు కథలు చెప్తాయి.

యూనిట్ దగ్గరకి వెళ్ళినప్పుడు యంత్రాలు ఎన్ని ఉన్నాయని అడిగి వచ్చెయ్యకండి. ఈరోజు ఎన్ని నడుస్తున్నాయో చూడండి. మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్ చెయ్యాలి. రోగికి గత వారం ఎన్నిసార్లు దొరికింది, ఎన్ని గంటలు చేశారు అని అడిగితే చాలు. రక్తం పట్టడానికి వేసే ఇంజెక్షన్ లోపల ఇచ్చారా, బయట కొనుక్కోమన్నారా? ఆటోకి ఎంతైంది? తోడు వచ్చినవాడికి ఆ రోజు కూలి పోయిందా? యూనిట్‌లో ఉచితమే. కానీ యూనిట్ గేటు బయట ఖర్చయ్యేదంతా కలిపితే పింఛనులో ఎంత మిగులుతుందో రోగి భార్య వేళ్ళ మీద చెప్తుంది. ఆవిడనే అడగండి. ఆయనకి ఆ లెక్క తెలీదు.

పరీక్షల క్యాంపు అంకెలు వాడేటప్పుడు మరో జాగ్రత్త. అక్కడ అందరూ "క్రియాటిన్ ఎంతుంది" అని కిడ్నీల కోసం చేసే రక్త పరీక్ష అంకె గురించే మాట్లాడుకుంటారు, చదువు రాని ముసలమ్మకి కూడా తన అంకె నోటికొచ్చు. కానీ ఒక్కసారి ఎక్కువ వస్తే దీర్ఘకాలపు కిడ్నీ జబ్బు అనరు. కిడ్నీ వడపోత లెక్క, అంటే ఈజీఎఫ్ఆర్, మూడు నెలలైనా 60 కంటే తక్కువ ఉండాలి, లేదా కిడ్నీ దెబ్బతిన్న గుర్తు వేరేది ఉండాలి. మే నెల ఎండలో జీడితోటలో రోజంతా పనిచేసి, నీళ్ళు తాగక, సాయంత్రం క్యాంపుకి వచ్చినవాడి అంకె ఆ పూట పెరిగి ఉండొచ్చు. మే నెల క్యాంపు లెక్కని డిసెంబరు క్యాంపు లెక్కతో పోల్చి రాసిన రిపోర్టులు నేను చూశాను. రెండోసారి పరీక్ష ఎంతమందికి చేశారన్నది వాటిలో ఒక్క చోటా లేదు. అసలు అడగాల్సింది అదే.

హారం ఎక్కడిది

శాతం అంటే పైన ఒక అంకె, కింద ఒక అంకె. పైదాని గురించి అందరూ మాట్లాడతారు. మోసమంతా కిందిదాంట్లోనే, అంటే హారంలోనే ఉంటుంది.

సబ్‌సెంటర్, అంటే పీహెచ్‌సీ కింద ఏఎన్ఎం పనిచేసే ఉపకేంద్రం, మైదానంలో 5,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటని లెక్క. ఏడాదికి ఎంతమంది గర్భిణులు ఉండాలన్నది ఆ జనాభా మీద జననాల రేటు కట్టి, గర్భస్రావాలకు ఇంకో పది శాతం కలిపి అంచనా వేస్తారు. ఊహకి, వెయ్యికి 16 జననాలనుకుంటే 5,000 మందికి 80, దాని మీద పది శాతం కలిపితే 88. ఆ 88 మందిలో 92 మందిని నమోదు చేశాం అని రిపోర్టు వస్తుంది. నూట నాలుగున్నర శాతం! నవ్వకండి, ఇందులో ఎవరి దొంగతనమూ లేదు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. 2011 నాటి జనాభాని ఏటేటా సాగదీసి వాడుకుంటున్నాం.

పైగా మన వైపు తొలి పురిటికి పిల్ల పుట్టింటికి పోతుంది. అత్తవారి ఊళ్ళో నమోదవుతుంది, మూడు చెకప్పులు అక్కడ, కాన్పు ఇక్కడ. తల్లీబిడ్డ కార్డు వెంట తెచ్చుకుంటే సరి. లేకపోతే పుట్టింటి ఏఎన్ఎం మళ్ళీ కొత్తగా నమోదు చేస్తుంది. ఒకే పిల్ల రెండు ఊళ్ళ లెక్కల్లో ఉంటుంది, అక్కడ "జాడ లేదు", ఇక్కడ "ఆలస్యంగా నమోదు". రెండు సబ్‌సెంటర్ల పనీ చెడ్డగా కనబడుతుంది, నిజానికి పిల్లకి అందాల్సినవన్నీ అందాయి.

వలస సంగతి చెప్పనే అక్కర్లేదు. తీరం ఊళ్ళ మగవాళ్ళు వేటకి గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు. మిగతావాళ్ళు హైదరాబాదు, విశాఖ, చెన్నై. బీపీ, షుగరు రిజిస్టర్‌లో ఆడవాళ్ళే ఎక్కువ కనబడితే ఆ ఊరి మగవాళ్ళకి బీపీ లేదని కాదు, పరీక్ష రోజున వాళ్ళు ఊళ్ళో లేరని. వాళ్ళని కలవాలంటే సంక్రాంతి వారం వెళ్ళండి. పండగపూట ఎవడు సర్వే చేస్తాడని మీ స్నేహితులు మూలుగుతారు గానీ, ఇల్లిల్లూ నిండుగా ఉండే వారం ఏడాదిలో అదొక్కటే. జీడిపిక్కల పని జోరుగా సాగే రోజుల్లో పగటిపూట వెళ్తే పసిపిల్లలూ ముసలాళ్ళే దొరుకుతారు.

ఇచ్ఛాపురం, కంచిలి వైపు హారం ఇంకో రకంగా తప్పుతుంది. అక్కడివాళ్ళు పెద్ద జబ్బుకి బరంపురం పోతారు. మన ఆసుపత్రులకి ఒడిశా ఊళ్ళవాళ్ళు వస్తారు. మన ఆసుపత్రి కాన్పుల్ని మన జనాభాతో భాగిస్తే ఆ శాతానికి అర్థం లేదు. ఆసుపత్రి రిజిస్టర్‌లో ఊరి పేరు కాలం చూసి, అవతలి రాష్ట్రం వాళ్ళని పక్కన తీసి లెక్కించండి. బరంపురం పోయినవాళ్ళ లెక్క మాత్రం ఇళ్ళ దగ్గరే దొరుకుతుంది.

విజయనగరం పిల్లలకి ప్రత్యేకంగా ఒక మాట. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పార్వతీపురం, సాలూరు, కురుపాం విజయనగరం నుంచి, పాలకొండ వైపు శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత 2019–21లో జరిగింది. అందులో "విజయనగరం" అంటే కొండ ప్రాంతాలతో కలిసి ఉన్న పాత జిల్లా. దాన్ని ఇప్పటి జిల్లా అంకెల పక్కన పెడితే, ఎవరూ ఏ పనీ చెయ్యకుండానే డోలీ మోతలు తగ్గిపోయినట్టు, ఇంటి కాన్పులు తగ్గిపోయినట్టు కనబడుతుంది. కొండలు పక్క జిల్లాకి వెళ్ళాయి, అంతే. పోల్చాలంటే రెండు కాలాలకీ మండలాల వారీగా అంకెలు తీసుకుని, ఒకే మండలాల గుంపుని పోల్చండి.

పంతొమ్మిది ఇళ్ళు

ఎన్ని ఇళ్ళు తిరగాలి అని అందరూ అడుగుతారు. టీకాల సర్వేలకు 30 చోట్ల, చోటుకి ఏడుగురు పిల్లల చొప్పున 210 మందిని చూసే పాత పద్ధతి ఒకటుంది. మండలం మొత్తానికి శాతం కావాలంటే అది మంచిదే. మీ నలుగురికి నేను చెప్పేది ఇంకా తేలికైనది. ఒక్కో సబ్‌సెంటర్ పరిధిలో యాదృచ్ఛికంగా 19 మందిని ఎంచుకోండి. లక్ష్యం 80 శాతం అనుకుంటే, ఆ 19 మందిలో 13 మందికి గానీ అంతకంటే ఎక్కువమందికి గానీ సేవ అంది ఉంటే ఆ సబ్‌సెంటర్ లక్ష్యం చేరినట్టే తీసుకోండి (చీటీల్లో ఒకరిద్దరు అటూ ఇటూ అవడం సహజం కాబట్టి 15 అని పట్టుబట్టం). 12 మందో, ఇంకా తక్కువో అయితే అక్కడ ఏదో ఆగిందని అర్థం. ఆ సబ్‌సెంటర్‌కి శాతం కట్టకండి, 19 మందితో శాతం నిలబడదు. ఆరు సబ్‌సెంటర్లు చూస్తే 114 మంది అవుతారు. అప్పుడు పీహెచ్‌సీ మొత్తానికి శాతం చెప్పొచ్చు. సబ్‌సెంటర్ల జనాభాలో పెద్ద తేడాలుంటే, ఎక్కువ జనం ఉన్నదాని అంకెకి ఆ మేరకు ఎక్కువ విలువిచ్చి శాతం కట్టండి.

యాదృచ్ఛికంగా అంటే చేతికి దొరికిన ఇళ్ళు కాదు. ఆశా కార్యకర్త దగ్గర ఇళ్ళ జాబితా ఉంటుంది, తీసుకోండి. కానీ దాంతోనే ఆగకండి. ఊళ్ళో ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టి నేల మీద వీధులు గీయించండి. మీ జాబితాలో లేని ఇళ్ళు అప్పుడు బయటపడతాయి. కాలువ గట్టు గుడిసెలు, ఊరి బయట ఇటుక బట్టీలో ఒడిశా నుంచి వచ్చి ఉన్న కుటుంబాలు, కొత్తగా వేరు పడ్డ ఇళ్ళు. వాటికీ నంబర్లు వేసి, చీటీలు తియ్యండి. సర్పంచి గారు కుర్రాణ్ణి తోడిచ్చి "ఈ వీధి చూడండి బాబూ" అంటే మర్యాదగా టీ తాగి, మీ చీటీలో వచ్చిన వీధికే వెళ్ళండి.

ఇంటి దగ్గర

"మందులు సరిగ్గా ఇస్తున్నారా అమ్మా?" అని అడిగితే, "ఇస్తన్నారు బావూ, బాగానే ఉంది" అంటారు. మా వైపు మనుషుల మర్యాద అది. పైగా మీరు ఎవరో, మీరు రాసుకెళ్ళిన దాన్ని బట్టి పింఛను తీసేస్తారేమోనని టెన్షన్. అభిప్రాయాలు అడక్కండి, జరిగింది అడగండి. ఆఖరిసారి మాత్రలు ఎప్పుడు తెచ్చుకున్నారు? అట్ట చూపిస్తారా? అట్ట బయటికి తెచ్చాక మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి. పది రోజుల కింద ముప్పై తెచ్చుకున్నావిడ దగ్గర ఇరవై ఎనిమిది ఉంటే పంపిణీ సక్రమంగా జరిగింది, వైద్యం జరగలేదు. రిజిస్టర్ ఎప్పటికీ చెప్పని విషయం ఇది. ఎందుకు వేసుకోలేదని మందలించకుండా అడిగితే జవాబు దొరుకుతుంది. ఐరన్ మాత్రలతో వికారంగా ఉందనో, బీపీ మాత్ర "అలవాటైపోతుంది" అని పక్కింటావిడ చెప్పిందనో.

ఆశా అమ్మాయిని ఇల్లు చూపించమనండి, మాట్లాడేటప్పుడు మాత్రం పక్కన ఉండనివ్వకండి. కోడలితో మాట్లాడేటప్పుడు అత్తగారి విషయంలోనూ అంతే. ఎలా పంపాలో మీ తెలివి. మీలో ఒకరు అత్తగారిని బీపీ చూస్తామని వరండాలోకి తీసుకెళ్ళడం నేను చెప్పే ఉపాయం. దానికి నిజంగా బీపీ మిషను తీసుకెళ్ళండి, ఉత్తుత్తిది వద్దు. ఎక్కువ వస్తే ఆ సంగతి చెప్పి, ఎక్కడికి వెళ్ళాలో కాగితం మీద రాసివ్వండి.

పేర్లు రాయకండి, నంబర్లు రాయండి. కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి, జిల్లా వైద్యాధికారి అనుమతి పత్రం లేకుండా అడుగు బయటపెట్టకండి. టీబీ, హెచ్ఐవీ ప్రశ్నలు శిక్షణ లేనివాళ్ళు అడగొద్దు.

పథకాల పేర్ల గురించి ఒక్క మాట. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, మిగతావి అనంతపురం, మహబూబ్‌నగర్. ఆ తర్వాత ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. జనం మాత్రం ఆరోగ్యశ్రీ అనే అంటారు. ఊళ్ళో సబ్‌సెంటర్ కూడా అంతే, విలేజ్ క్లినిక్, ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్, అన్నీ ఆ ఒక్క గదే. మీ ఫారంలో కొత్త పేరొక్కటే ఉంటే "మాకలాంటిది రాలేదు" అనే జవాబు వచ్చి మీ లెక్క పాడవుతుంది. జనం పిలిచే పేరుతోనే అడగండి.

ఇప్పుడు రిజిస్టర్ తెరవండి

ఇళ్ళు తిరిగాక రిజిస్టర్ వేరేలా కనబడుతుంది. దొంగని పట్టుకున్నట్టు చూడొద్దు. ఎక్కడ కొలవకుండా రాశారో అంకెలే చెప్తాయి. గర్భిణుల హిమోగ్లోబిన్ వరస చూడండి. నిజంగా కొలిస్తే 9.3, 10.7, 8.8, 11.2 ఇలా చెల్లాచెదురుగా ఉంటాయి. పేజీ పొడుగునా 10, 10, 10.5, 10 అని ఉంటే స్ట్రిప్పులు అయిపోయాయనో, మిషను పాడైందనో అనుకోండి. గర్భిణికి 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే తీవ్రం. ఆ 7 దగ్గర అంకెలు హఠాత్తుగా మాయమై 7.2, 7.5 దగ్గర గుంపు కట్టాయంటే, తీవ్రమైన కేసు రాస్తే పైనుంచి వచ్చే ఫోన్లకి ఎవరో భయపడ్డారని. బీపీ వరసంతా 120/80. పుట్టిన బిడ్డ బరువులన్నీ సరిగ్గా 2.5 కిలోలు, ఎందుకంటే అంతకంటే తగ్గితే తక్కువ బరువు బిడ్డ అని రాయాలి. ఆఖరి అంకె సున్నా గానీ అయిదు గానీ ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి. నిజమైన కొలతల్లో అవి అయిదింట ఒక వంతు దగ్గర ఉండాలి. సగం దాటితే ఆ కాలంలో అంకెలు మీ రిపోర్టులో వాడకండి, వాడలేదని మాత్రం రాయండి.

మందుల స్టాకు విషయంలో మీరు వెళ్ళిన రోజున ఉందా లేదా అన్నది పనికిరాదు. మీరొస్తున్నారని తెలిసి తెప్పించి ఉండొచ్చు, లేదా ఆ రోజు ఉదయమే అయిపోయి ఉండొచ్చు. ఆమ్లోడిపిన్ (బీపీకి), మెట్‌ఫార్మిన్ (షుగరుకి), ఐరన్ లాంటి నాలుగైదు మందులు ఎంచుకుని, గత ఆరు నెలల్లో ఒక్కోటి ఎన్ని రోజులు సున్నా దగ్గర ఉందో స్టాకు రిజిస్టర్‌లో లెక్కకట్టండి. ఇండెంటు పెట్టిన (మందులు కావాలని రాసి పంపిన) తేదీ, సరుకు వచ్చిన తేదీ కూడా రాసుకోండి. ఆలస్యం పీహెచ్‌సీలో జరిగిందో, జిల్లా డ్రగ్ స్టోర్‌లో జరిగిందో ఆ రెండు తేదీలే చెప్తాయి. రిజిస్టర్ చూపించకపోతే పోట్లాడకండి. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

అతిసారం లాంటిది ప్రబలినప్పుడు చేసే మదింపు వేరు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అదే జరిగింది, చనిపోయినవాళ్ళ సంఖ్య మీద అధికారుల లెక్క ఒకటి, ఊరి లెక్క ఒకటి అయ్యాయి. అలాంటి చోట సంఖ్య గొడవలో దిగకుండా తేదీల పట్టీ కట్టండి. మొదటి ఇంట్లో విరేచనాలు మొదలైన రోజు, ఏఎన్ఎంకి కబురు అందిన రోజు, క్యాంపు పెట్టిన రోజు, నీళ్ళ శాంపిల్ తీసిన రోజు, రిజల్టు వచ్చిన రోజు, పైపు లీకు కట్టిన రోజు. ఏ రెండు తేదీల మధ్య ఖాళీ ఎక్కువుందో వ్యవస్థ అక్కడే పడుకుంది. కుళాయి చివర క్లోరిన్ చూసే చిన్న కిట్టు దొరుకుతుంది. లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలి, ట్యాంకు దగ్గర కాదు, చివరి కుళాయి దగ్గర.

ముందూ, తర్వాతా

పథకానికి ముందు ఇంత, తర్వాత ఇంత, కాబట్టి ఇదంతా పథకం వల్లే అనడం అందరికీ ఇష్టం. మన జిల్లాలో అది మరీ ప్రమాదం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేల కూల్చింది. 2020, 2021 కోవిడ్ తినేసింది. ఈ ఏళ్ళలో దేన్ని "ముందు" అని పెట్టుకున్నా, ఆ తర్వాత ఏది చేసినా బాగుపడినట్టే కనబడుతుంది.

దీనికి మందు పక్క ఊరు. పథకం వచ్చిన ఊరితో పాటు, ఇంకా రాని, మిగతా అన్నిట్లో దానిలాంటి ఊరు ఒకటి తీసుకోండి. ఊహకి, క్లినిక్ వచ్చిన ఊళ్ళో బీపీ మాత్రలు వాడేవాళ్ళు నూటికి 30 నుంచి 50కి పెరిగారు. క్లినిక్ లేని పక్క ఊళ్ళో కూడా 32 నుంచి 44 అయ్యారు. అంటే 20 పెరుగుదలలో 12 ఎలాగూ వచ్చేదే. క్లినిక్ ఖాతాలో వెయ్యగలిగింది ఎనిమిది. అదీ ఆ రెండు ఊళ్ళూ ముందు నుంచీ ఒకే తీరులో నడుస్తుంటేనే. రోడ్డు మీద ఊరిని కొండ పక్క ఊరితో పోల్చకండి. విరేచనాలు, జ్వరాల లెక్కలైతే ఈ ఏడాది ఆగస్టుని పోయిన ఏడాది ఆగస్టుతోనే పోల్చాలి.

మంచి ఒక్కటే కొలవడం కూడా సగం మదింపే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో మన రాష్ట్రంలో ఆసుపత్రి కాన్పులు 96.5 శాతం. చప్పట్లు కొట్టాల్సిందే. అదే సర్వేలో సిజేరియన్లు 42.4 శాతం, ప్రైవేటులో ప్రభుత్వ ఆసుపత్రుల కంటే రెట్టింపుకు మించి. మొదటి అంకె పక్కన రెండోది రాయని రిపోర్టుని నేను పూర్తి రిపోర్టు అనను. ఒక్కో ఆపరేషన్‌కి ఇంతని ఆసుపత్రికి డబ్బులొచ్చే పథకం ఏదైనా సరే, అక్కర్లేని ఆపరేషన్లు ఎన్ని పెరిగాయో చూసే ప్రశ్న ఒకటి మీ ఫారంలో ఉండి తీరాలి.

రిపోర్టు ఎవరికి

ఒక పేజీ. ప్రశ్న, ఎంతమందిని చూశారు, ఏం తేలింది, ఏ అంకెలు వాడలేదు, ఎందుకు వాడలేదు. ఏఎన్ఎం పేరు, ఆశా పేరు అందులో రాకూడదు. ఒకే మనిషి టీకాలు, గర్భిణులు, బీపీ, జ్వరాల సర్వే, నాలుగైదు యాప్‌లు మోస్తున్నప్పుడు, ఏ పని జారిపోతోందో రాయండి గానీ ఎవరి చేతిలోంచి జారిందని రాయకండి. సబ్‌సెంటర్‌లో ఇద్దరు ఉండాల్సిన చోట ఒక్కరే ఉంటే, ఆ ఖాళీ ఎన్నాళ్ళ నుంచి ఉందో తేదీతో సహా మొదటి వరసలోనే పెట్టండి.

ముందు మెడికల్ ఆఫీసర్‌కి చూపించి వారం టైమివ్వండి. ఆయన చెప్పిన అభ్యంతరాలు ఆయన మాటల్లోనే చివర్లో కలపండి. తర్వాత పంచాయతీలో గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీ మీటింగు పెట్టించి చదవండి. చాలా ఊళ్ళలో ఆ కమిటీ ఉందని సభ్యులకే తెలీదు. దానికి ఏటా 10,000 రూపాయల దాకా నిధి ఉంటుందని, క్లోరిన్ కిట్టు లాంటి చిన్నవాటికి కలెక్టరేట్ దాకా పోనక్కర్లేదని అక్కడే చెప్పండి. మీటింగు బుధవారం, శనివారం పెట్టకండి, అవి టీకాల రోజులు, ఏఎన్ఎంకి రావడం కుదరదు. ఆ ఫారాలూ, చీటీలూ, నేల మీద గీసిన వీధుల ఫొటో ఒక కవర్‌లో పెట్టి మీ డిపార్ట్‌మెంట్‌లో ఇవ్వండి. వచ్చే ఏడాది బ్యాచ్ ఆ ఇళ్ళ జాబితా నుంచే మళ్ళీ 19 చీటీలు తియ్యాలి.